అన్ని కాగితాల్లో ఒకే మాట

ఆ మధ్యాహ్నం కాలేజీ ఆఫీసులో ఉన్నవి: రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, తనిఖీకి సిద్ధం చేసిన ఫైళ్లు, కిటికీ మూసినా ఆగని మార్కెట్ యార్డు పసుపు ఘాటు. ఉన్నవాళ్లు: నేను, సరోజ మేడం. ఆ గదిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

బీటెక్ చదివి, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పనికి చేరాను. మా కాగితాల్లో ఒక్కో చోట ఒక్కో మాట. యూనివర్సిటీ తనిఖీలోపు అన్నీ ఒకే తీరుగా ఉండాలన్నారు ప్రిన్సిపాల్ సారు. నాకు ఇష్టమైన పని. ఒక అర్థానికి ఒకే మాట అని జాబితా రాసుకున్నాను. పర్మనెంట్ కాని లెక్చరర్లను పాత కాగితాలు టెంపరరీ, కన్సాలిడేటెడ్, పార్ట్‌టైమ్, గెస్ట్ అన్నాయి. అన్నీ ఒకటే అనుకున్నాను. ఎవరినైనా అడిగానా? లేదు. పాత సర్వీసు రికార్డులతో సహా వాళ్లందరినీ గెస్ట్ లెక్చరర్లుగా మార్చేశాను. అంతా ఒక్క చేత్తో రాసినట్టుందని సారు మెచ్చుకున్నారు.

సరోజ మేడం తెలుగు చెప్పేవారు. రోజంతా పని, నెల జీతం; పాత కాగితాల్లో ఆమె కన్సాలిడేటెడ్. గురుకులంలో ఉద్యోగానికి సర్వీసు సర్టిఫికెట్ అడిగితే ప్రింట్ తీసి ఇచ్చాను. గెస్ట్ అంటే గంటల లెక్కన వచ్చిపోయేవాళ్లని, ఆ సర్వీసు అనుభవం కిందికి రాదని అక్కడ తిప్పి పంపారు. సరైన కాగితం ఉంటే వారంలో తెమ్మన్నారు. ఆమె నా దగ్గరికి వచ్చారు.

"నేను గెస్ట్‌నా తమ్మీ? పొద్దుగాల అందరికంటే ముందొచ్చి, పొద్దుమీకి క్లాసులకు తాళాలేసి పోతున్న. గెస్టులు తాళాలేస్తరా?"

"రికార్డుల గట్లనే ఉంది మేడం."

అబద్ధం కాదు. రికార్డులో అలాగే ఉంది. అలా ఉండేలా చేసింది నేను. పాత ఫైళ్ల కాపీ నా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. అది తీస్తే సారు మెచ్చుకున్న పని తప్పని నా నోటితోనే చెప్పాలి, తనిఖీ ముందు కట్టిన ఫైళ్లన్నీ మళ్లీ విప్పాలి. ఆమె వెళ్లేదాకా ప్రింటర్‌లో కాగితాలు సర్దుతూ నిలబడ్డాను. వారం గడిచింది. మరుసటి నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమెకు వయసు దాటిపోయింది.

ఇప్పుడామె పక్కనే ఉన్న పెర్కిట్‌లో ట్యూషన్లు చెబుతున్నారు. ఆటోలో కనిపిస్తే జరిగి చోటిస్తారు. నేనేమో కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తేదీ వేరే తీరుగా రాస్తే ఇప్పటికీ మండిపడతాను. ఏం మనిషిని నేను?

చెప్పేశాను. ఛాతీ కాస్త తేలికైంది. తేలికైనందుకూ నా మీద నాకే కోపం. మాఫీ అడగడం లేదు.

సరోజ మేడం మా కాలేజీలో పనిచేసినవి తొమ్మిదేళ్లు. లెక్కలోకి వచ్చినవి సున్నా.