మూత తీయని డజను సీసాలు

2005 జనవరిలో ఆఫీసు పనిమీద పామర్‌స్టన్ నార్త్ అనే విదేశీ ఊళ్లో మూడు వారాలున్నాను; అక్కడ జనవరి అంటే ఎండాకాలం. అక్కడ నాతో పనిచేసే గ్రేమ్ ఓ శనివారం మధ్యాహ్నం తన పెరట్లో బార్బెక్యూకి పిలిచాడు. "తాగేది తెచ్చుకో, చాలు" అన్నాడు. నాకు మందు అలవాటు లేదు. అయినా ఒకరింటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? లిక్కర్ షాపులో అన్నిటికంటే చవగ్గా దొరికిన కరీబియన్ లాగర్ బీరు డజను సీసాలు కొని, అందరి సీసాలూ ఉన్న ఐసు తొట్టిలో పెట్టాను.

వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది. మన భోజనాల దగ్గర అడిగినట్టే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, నేను తెచ్చిన బీరు ఎలా ఉందని అడిగాను. ఒకాయన "ఫర్వాలేదు" అన్నాడు. ఇంకొకాయన "ఎండలో బాగుంటుంది" అన్నాడు. గ్రేమ్ భార్య "తేలిగ్గా ఉంటుంది కదా" అంది. నాకు తృప్తిగా అనిపించింది.

సాయంత్రం బయల్దేరబోతూ తొట్టిలోకి చూస్తే నా పన్నెండు సీసాలూ మూతలతోనే ఉన్నాయి.

"ఎవరూ తాగలేదేం?" అని గ్రేమ్‌ని అడిగాను.

"అవి నీవి కదా, మేట్. ఇక్కడ ఎవరు తెచ్చుకున్నవి వాళ్లే తాగుతారు. నువ్వెప్పుడు మొదలుపెడతావా అని చూస్తున్నాం."

"నేను తాగను. మీ అందరికోసం తెచ్చాను."

అతను ఒక సీసా మూత తీసి, ఓ గుక్క తాగి, దాని మీది పేరు మరోసారి చదివాడు.

"నువ్వు తాగకపోవడమే మంచిదయింది" అన్నాడు.

ఆ మాట అని, నా ఎదుటే నిలబడి సీసా మొత్తం ఖాళీ చేసి, రెండోదానికి తొట్టిలో చెయ్యి పెట్టాడు.