కర్రపెండలం తొక్క నానిన నీళ్లు

జ్యేష్ఠ శుద్ధ పంచమి: కోరుట్ల దాణా దుకాణదారు పచ్చి కర్రపెండలం తొక్క మాకు అంటగట్టాడు. నానబెట్టి పెట్టమన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.
షష్ఠి: మా చూడి బర్రె చనిపోయింది.
సప్తమి: జగిత్యాల నుంచి వచ్చిన పశువైద్యుడు కళేబరాన్ని తాకకుండానే కడుపుబ్బరమని రాసి వెళ్లాడు.
దశమి: నా కోడలిని నా కొడుకు మాటలతోనే సిరిసిల్లకు, తల్లిగారింటికి తరిమాడు.

కర్రపెండలం మా దిక్కు పండే పంట కాదు. సగ్గుబియ్యం మిల్లుల నుంచి దాని తొక్క దాణా పేరుతో ఈమధ్యే ఇటు వస్తోంది. మా ఇళ్లలో బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్క అన్నీ కుడితి గోలెంలోకే పోతాయి. కోడలు ఈ తొక్కనూ అందులోనే నానబెట్టి, తెల్లవారి నీళ్లతో సహా బర్రె ముందు పెట్టింది. కాసేపటికే బర్రె నురగలు కక్కి, తూలి పడిపోయింది. దాని డొక్కమీద చెయ్యి వేసి చూసింది నేను. ఉబ్బు లేదు.

దుబాయి నుంచి నా కొడుకు ఫోనులో అన్నాడు: "మగ్గాల ఇంటి పిల్ల బాపు, దానికి బర్లను మేపుడు ఏమెరుక?" ఫోను స్పీకరులో ఉంది. ఆమె విన్నది. నన్ను ఒక్కటే అడిగింది.

"నానబెట్టుమన్నడు, నానబెట్టిన మామా. మనింట్ల నానబెట్టిన నీళ్లు ఎన్నడన్న పారబోసిన్రా?"

పారబోయలేదు. ఎవరమూ పారబోయం.

కోరుట్లకు వెళ్లి నిలదీస్తే దుకాణదారు గల్లా మీద నుంచి లేవలేదు. ఇంతమందికి అమ్మితే ఎవరి బర్రె చావలేదని, మా కోడలి చెయ్యే మంచిది కాదేమోనని నవ్వాడు. జగిత్యాలలో ఆ పశువుల డాక్టరు మాత్రం తలుపు దగ్గరికి వేసి నిజం చెప్పాడు. పచ్చి తొక్కలో విషం ఉంటుందట. నానితే ఆ విషం నీళ్లలోకి దిగుతుందట. ఆ నీళ్లు పారబోసి, తొక్కను ఎండలో బాగా ఆరబెట్టాకే మేపాలట. అదే కాగితం మీద రాయమన్నాను.

"రాస్తే పంచాయితైతది సార్," అన్నాడు.

రాయకపోతే నా ఇంట్లో అయిన పంచాయితీ ఆయనకు లెక్కలేదు. ఒక ఆడపిల్ల మీద పడ్డ నింద కంటే ఆయన సంతకమే ఆయనకు బరువైంది.

కావున దుకాణదారునూ డాక్టరునూ ఇద్దరినీ అడుగుతున్నాను. ఆ నీళ్లు పారబోయాలని అమ్మేటప్పుడు చెప్పారా, లేదా? బర్రె దేనివల్ల చనిపోయింది? ఈ రెంటికీ సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం కావాలి. దాన్ని నాకు పంపవద్దు. సిరిసిల్లకు, నా కోడలి పేరిట పంపాలి. ఆమె దగ్గర నకలు తీసుకుని నా కొడుక్కి నేనే చదివి వినిపిస్తాను.