నవ్వితే పగిలే పిండి

రాజోలులో మా పక్కింటి పిన్నిగారి భర్త మస్కట్‌లో పనిచేసేవారు. ఆయన సెలవు దగ్గరపడితే ఆవిడ రోజూ కొబ్బరిపాలలో పెసరపిండి, పసుపు కలిపి మొహానికి పట్టించేవారు. అది ఆరేదాకా పెదవులు కదపకుండా మాట్లాడేవారు.

"నవ్వించకండర్రా, పిండి పగిలిపోద్ది. మీ బాబాయిగారు వచ్చేసరికి మొహం నున్నగా ఉండాలి."

తొంభైల్లో వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది. ఓరోజు మస్కట్ నుంచి ఫోనొస్తే, ఆవిడ మొహాన పిండితోనే పరుగెత్తుకొచ్చారు. అవతల మాట్లాడింది బాబాయిగారు కాదు, ఆయన గదిలో ఉండే మనిషి.

"ఆయ్... ఆయ్... అలాగేనండీ" అని రిసీవర్ పెట్టేశారు.

"ఏమన్నారు చెల్లీ?" అంది అమ్మ.

"ఆయన నిద్దట్లోనే పోయేరంట అక్కగారూ. పెట్టెలో పంపుతారంట. మొహం కడుక్కొస్తానండీ."

ఎండిన పిండి ఎక్కడా పగల్లేదు.