తెర తీస్తారని నిలబడ్డాను

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు: ఉద్యోగం పర్మనెంట్ కాదేమోనని ఒకటి, బాసు ఎదురుపడతాడేమోనని రెండోది. ఎనభైల చివర్లో, బ్రిస్బేన్‌లో ఒక జపాన్ కంపెనీలో కుర్ర ఇంజినీరుని. జపానాయన మా బాసు. మెచ్చుకోడు, తిట్టడు, నవ్వడు. (చాటుగా మౌనవ్రతం గారు అనేవాణ్ణి.) ఆయన నన్నూ, 'మైట్' అనకుండా వాక్యం ముగించలేని ఆస్ట్రేలియన్ సహోద్యోగినీ ('మేట్'ని, అంటే మిత్రమాని, వాళ్లు అలాగే పలుకుతారు; వాడికి నేను పెట్టిన పేరూ అదే) హెడ్డాఫీసు చూపించడానికి జపాన్ తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక నన్ను ఉంచడమా, పంపడమా తేలుస్తానన్నాడు. బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో నాకు గదిచ్చిన తెనాలి అంకుల్ ఒక్కటే చెప్పారు: "అక్కడ నీ తెలివి యూజ్ చెయ్యమాకు అబ్బాయ్. బాసు ఏం చేస్తే అదే ఫాలో అయిపో."

ఆదివారం బాసు మమ్మల్ని వందల ఏళ్లనాటి షింటో గుడికి తీసుకెళ్లాడు. ముంగిట్లో నీళ్లతొట్టి, పొడుగు కాడ గరిటెలు. ఆయన చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి పక్కకి ఊశాడు. గుడి నీళ్లు ఊయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. తీర్థంలా గుటుక్కున మింగి, తడి చెయ్యి తలకి రాసుకున్నాను. మైట్ కూడా రాసుకున్నాడు. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ వంగి బాసు వెళ్లిపోయాడు. నేనూ అలాగే వంగి చప్పట్లు కొట్టాను గానీ, అక్కణ్ణుంచి కదలలేదు. లోపల తెల్లటి తెర వేసి ఉంది. తెర వేశారంటే నైవేద్యం పెడుతున్నారన్నమాట. తీశాక హారతి, ఆపైన దర్శనం. ఇంతదూరం వచ్చి దర్శనం లేకుండా పోతానా?

"దేనికి వెయిటింగ్, మైట్?"

"దేవుడు లంచ్‌లో ఉన్నాడు."

వాడు టోపీ తీసి నా వెనక నిలబడ్డాడు. వాడి వెనక ఒక ముసలి జంట, వాళ్ల వెనక కెమెరాలవాళ్లు. బాసు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేసరికి క్యూ మెట్లు దిగి చెట్లదాకా పాకింది.

"ఏమిటిది?" అన్నాడాయన. ఉద్యోగం పోయిందనుకుంటూనే అంతా చెప్పాను. ఆయన తెరవైపు చూశాడు. "అది తియ్యరు. లోపల దేవుడు ఆవహించే వస్తువు ఉంటుంది. పూజారులు కూడా చూడరు."

"మరి దర్శనం?"

"చప్పట్లు కొట్టావుగా. నువ్వొచ్చినట్టు ఆయనకి తెలిసింది. చాలదా?"

మైట్ వెనక్కి తిరిగి క్యూ మొత్తానికీ, "షో లేదట, సారీ మైట్స్" అని ప్రకటించాడు. అప్పుడు నవ్వాడు మౌనవ్రతం గారు. స్తంభం పట్టుకుని, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

బ్రిస్బేన్ చేరాక పర్మనెంట్ చేసి, నన్ను తనిఖీ విభాగంలో వేశాడు. మూసిన తెర ముందు విసుక్కోకుండా నిలబడేవాడు అక్కడ పనికొస్తాడట. ఆ పనిలోనే నా తల నెరిసింది. ఇప్పుడు లిఫ్టు కాస్త ఆలస్యమైనా గొణుక్కుంటాను. చేతులు జోడించి, మెడ చాచి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడా. అంత నమ్మకంగా మళ్లీ దేనికోసమూ నిలబడలేదు.