వద్దన్నానని తీసేసిన కప్పు

పోయిన వారం లండన్ పక్క హారోలో ఉండే మా అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కి నాకు టీ పంపించింది. తలుపుకి ఉత్తరాల కోసం పెట్టిన కంతలోంచి పలచటి అట్టపెట్టె ఒకటి లోపలికి జారి పడితే కౌన్సిల్ వాళ్ళ కాగితాలేమో అనుకున్నాను. విప్పి చూస్తే టీ ఆకు. తలుపు తీసింది లేదు, ఎవరి మొహమూ చూసింది లేదు, ఇంట్లోకి టీ వచ్చేసింది. ఆ పెట్టె పట్టుకుని మెట్ల మీదే కూలబడి, షెఫీల్డ్ వచ్చిన కొత్తల్లో ఒక్క కప్పు టీ కోసం నేను పడిన అవస్థంతా తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మన సంఘం పత్రికకి ఆడవాళ్ళు కూడా రాయాలని పాస్టరమ్మగారు ఎప్పట్నుంచో అంటున్నారు. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి, నా ఈడు వాళ్ళకి అసలు సంగతి ఎలాగూ తెలుస్తుంది.

బాపట్ల బస్టాండు ఎదురుగా మా అమ్మకి టీ కొట్టు ఉండేది. అయిదు పాసవగానే నన్ను బడి మాన్పించి పొయ్యి దగ్గర నిలబెట్టింది. అందుకు నాకేమీ బాధ లేదు, ఎందుకంటే పలకా పుస్తకాల దగ్గర నాకు రాని తెలివి పొయ్యి దగ్గర వచ్చింది. డికాషన్ ఎప్పుడు దించాలో వాసనే చెప్పేది. నర్సింగు చదువుకుంటున్న రోజుల్లో మా ఆయన ఆ కొట్టుకే వచ్చేవారు, ఇంకో కొట్టు వాళ్ళ హాస్టలు గుమ్మం పక్కనే ఉన్నా దాటుకుని మరీ వచ్చేవారు. మావాడు పిల్లని చూసి చేసుకోలేదమ్మా, టీ తాగి చేసుకున్నాడు అని మా అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఎత్తిపొడుపో పొగడ్తో ఆవిడకే తెలియాలి, నేను మాత్రం పొగడ్తనే అనుకున్నాను.

ఆయనకి షెఫీల్డ్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి, నాలుగేళ్ళ పిల్లతో మేము ఇక్కడికి చేరాక నా టీ చెడిపోయింది. ఊరినుంచి తెచ్చిన పొడి అయిపోయింది. సూపర్‌మార్కెట్లో దొరికేవన్నీ దారం కట్టిన సంచులు. రెండు బస్సులు మారి వెళ్ళే ఒక కొట్లో పెద్ద ప్యాకెట్లు ఉండేవి గాని, ఆ పొడికి రంగు ఉండేది, వాసన ఉండేది కాదు. ఇక్కడి పాలు వేరు, నీళ్ళు వేరు అని కొన్నాళ్ళు సరిపెట్టుకున్నాను. ఈలోగా మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, నేను గ్లాసు అందిస్తుంటే, వార్డులో తాగొచ్చాలే అనడం మొదలుపెట్టారు. ఒకరోజు కాదు, రోజూ అదే మాట. ఇంగ్లీషు రాదు, బస్సెక్కాలంటే భయం, ఫోను మోగితే భయం, చేతిలో ఉన్నది ఆ ఒక్క విద్య, అదీ పోతే ఈ దేశంలో నేనెవరిని అని వంటింట్లో గోడ వైపు తిరిగి ఏడ్చాను.

పిల్లని బడి నుంచి తెచ్చే దారిలో, ఎత్తెక్కే వీధి మలుపులో ఒక టీ కొట్టు కనిపించింది. టీ అమ్మరు, టీ ఆకు అమ్ముతారు. తలుపు తీసినప్పుడల్లా లోపలి వాసన ఫుట్‌పాత్ మీదికి వచ్చేది. గోడల నిండా పైకప్పు దాకా రేకు డబ్బాలు, ఎక్కడానికి చిన్న నిచ్చెన, బల్ల మీద తక్కెడ, పక్కనే పిడి లేని చిన్న చిన్న కప్పులు. కొట్టావిడ తెల్ల జుట్టు పెద్ద మనిషి, ఆడా మగా తేడా లేకుండా అందర్నీ లవ్ అని పిలిచేది, అది మన అమ్మా, బాబూ లాంటి పిలుపేనని తెలిసేదాకా నాకు చెమటలు పట్టేవి. అక్కడ తూకం వేయించుకునే ముందు రుచి చూడాలి, అది ఆ కొట్టు పద్ధతి. కుక్కని వెంటేసుకుని వచ్చే ఒక ముసలాయన డబ్బా డబ్బాలోనూ ముక్కు పెట్టి చూసి, తలాడించి, చివరికి ఎప్పుడూ కొనేదే కొనుక్కుపోయేవాడు. నడవడానికి పట్టుకునే ఫ్రేముతో వచ్చే ఒకావిడ కుర్చీలో కూచుని తుంటి నొప్పి సంగతంతా చెప్పుకుని, టీ చల్లారిందని గొణిగేది.

మొదటిసారి నేను వెళ్ళినప్పుడు కొట్టావిడ ఒక కప్పు నా ముందుకు జరిపి, "ట్రై సమ్, లవ్?" అంది. నేను నవ్వి, "నో, థాంక్యూ" అన్నాను. ఆవిడ కూడా నవ్వి కప్పు తీసేసింది. నేనక్కడే నిలబడ్డాను. మన పక్క ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారే చెయ్యి చాపేస్తామా, వద్దండీ అంటాం, వాళ్ళు కొంచెం తీసుకోండమ్మా అంటారు, అబ్బే అంటాం, అప్పుడు గదా తీసుకుంటాం. ఆ రెండో మాట కోసం డబ్బాలు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆవిడ కుక్కాయనతో మాటల్లో పడింది. ఇంటికొచ్చి మా ఆయనతో, మర్యాద తెలియని మనుషులండీ, ఒక్క మాట వద్దంటే కప్పు లాగేసుకున్నారు అని చెబితే ఆయన పడీ పడీ నవ్వారు.

"పిచ్చిదానా, ఇక్కడోళ్ళకి నో అంటే నోనే. నువ్వు ఒద్దన్నావ్, ఆమె ఒద్దేమో అనుకుంది. ఇంకేంది?"

సరే, ఈసారి అవునంటాననుకుని వెళ్ళేదాన్ని. కప్పు ముందుకు రాగానే నోరు దానంతటదే నో అనేది. అమ్మ నేర్పిన నోరు, అంత తొందరగా మాట వింటుందా. బయటికి రాగానే మా పిల్ల నిలదీసేది. అది అప్పటికే ఇంగ్లీషులోకి దిగిపోయింది.

"బట్ యూ వాంటెడ్ ఇట్, అమ్మా! వై డిడ్ యూ సే నో?"

"నువ్వు నోర్మూసుకుని నడవ్వే" అనేదాన్ని.

ఇలా ఉండగా మా ఆయన వార్డులో పెద్ద సిస్టరు, ఇంకో ఇద్దరు నర్సులు శనివారం మా ఇంటికి వస్తామన్నారు. మా ఇంటికి తెల్లవాళ్ళు రావడం అదే మొదలు. నేను గారెలకి పప్పు చూసుకుంటుంటే ఆయన మెల్లిగా, టీ పెట్టకులే, నీకెందుకు శ్రమ, జ్యూస్ డబ్బాలు తెస్తాను అన్నారు. ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టైంది. నా టీ కోసం హాస్టలు పక్క కొట్టు దాటి వచ్చిన మనిషి, నా ఇంట్లో నా టీ వద్దంటున్నాడు.

మర్నాడు బడి వదలగానే పిల్లని లాక్కుని కొట్టుకి వెళ్ళాను. యెస్ అనే మాట దారంతా నోట్లో నానబెట్టుకుంటూ వెళ్ళాను. తీరా వెళితే ఆవిడ నన్ను పలకరించింది గాని కప్పు జరపలేదు. పాపం, వచ్చినప్పుడల్లా వద్దంటుంది, ఈమెని ఎందుకు ఇబ్బంది పెట్టాలి అనుకున్నట్టుంది. ఇప్పుడు నేనే నోరు తెరిచి అడగాలి. ఎదుటివాళ్ళని తాగడానికి ఇమ్మని అడగడం, చచ్చినా చెయ్యని పని. వెనకాల కుక్కాయన, ఫ్రేమావిడ నిలబడి ఉన్నారు. పిల్ల కుక్కతో ఆడుతోంది. కళ్ళు మూసుకుని, "ప్లీజ్, ఐ వాంట్" అనేశాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఒక కప్పు ఇచ్చింది. పలచగా, పాలు లేకుండా, గడ్డి కడిగిన నీళ్ళలా ఉంది. "నో" అన్నాను, ఈసారి మనసులోంచి వచ్చిన నో. ఇంకోటి ఇచ్చింది, అదీ కాదు. వెనక నుంచి కుక్కాయన, "షీ నోస్ హర్ ఓన్ మైండ్, దట్ వన్" అని, ఏం కావాలో తెలిసిన మనిషేనన్నట్టు నవ్వాడు. ఇంతలో ఆవిడ అస్సాం ఆకు డబ్బా ఖాళీ చేస్తూ, అడుగున మిగిలిన నల్లటి నలుసుని, ఆకు విరిగి రాలిన పొడిని, చెత్తబుట్టలోకి వంపబోయింది. ఆ వాసన! మా అమ్మ కొట్టు నా ముందుకొచ్చి నిలబడింది. బల్ల మీంచి వంగి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. చిటికెడు నాలిక మీద వేసుకుని, "దిస్" అన్నాను.

"దట్స్ నోబట్ రబ్బిష్, లవ్!" అంది, అది ఒట్టి చెత్తేనని.

"దిస్. మిల్క్. బాయిల్."

"బాయిల్ ఇట్?" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను పాలు పొంగినట్టు చేతులతో చూపించాను. కొట్టంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నలుసుని కాగితం సంచిలో పోసి, తూకం కూడా వేయకుండా చేతిలో పెట్టింది.

శనివారం జ్యూస్ డబ్బాలు బల్ల మీదే ఉన్నాయి. నేను టీ పెట్టాను. పెద్ద సిస్టరు ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది. మా ఆయన ఒక గుక్క తాగి, నా వంక చూసి, వంటింట్లోకి వచ్చి గిన్నెలో మిగిలింది వంపుకుని నిలబడే తాగారు. అంతే, ఇంక వార్డులో తాగొచ్చానన్న మాట నేను వినలేదు.

సోమవారం ఫ్లాస్కు నిండా పోసుకుని కొట్టుకి పట్టుకెళ్ళాను. ఆవిడ కప్పులోనే పోసి ఆవిడకే ఇచ్చాను. "ఓ నో, లవ్, నాట్ ఫర్ మీ" అంది. నేను వదులుతానా? "కొంచెం" అన్నాను. మళ్ళీ నో అంది. కొంచెం, లిటిల్, కొంచెమే అంటూ కప్పు చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, తాగేదాకా పట్టుకున్నాను. మొహమాటంగా ఒక గుక్క తాగింది. కప్పులోకి చూసుకుంది. ఇంకో గుక్క తాగింది. తర్వాత ఇంకా పొయ్యమన్నట్టు కప్పు నా ముందుకు జరిపింది. కుక్కాయన, ఆవిడొక్కదానికేనా అంటూ ఇంకో కప్పు తీసుకున్నాడు. మా పిల్ల కొట్టంతా వినపడేట్టు, "మై మమ్ మేడ్ ఇట్!" అని అరిచింది. నడవ్వే అని నేను కసిరే పిల్ల, అందరి ముందూ నన్ను చూపించి అన్న ఆ మాట నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వని సర్టిఫికెట్టు.

అప్పట్నుంచి ఆ నలుసు చెత్తబుట్టలోకి పోలేదు, నా కోసం ఒక డబ్బా వేరే ఉండేది. అంతకంటే నాకు గర్వంగా ఉండే సంగతి ఇంకొకటుంది. మనవాళ్ళెవరైనా, కొత్తగా వచ్చిన నర్సమ్మో, చదువుకునే కుర్రాళ్ళో వచ్చి సిగ్గుపడుతూ నో అంటే, ఆవిడ కప్పు తీసేది కాదు. ఒక్క క్షణం ఆగి, "ఆర్ యూ షూర్, లవ్? జస్ట్ ఎ లిటిల్?" అని మళ్ళీ అడిగేది. ఆ పిల్లల మొహాలు విప్పారేవి. షెఫీల్డ్‌లో ఒక దొరసానికి రెండోసారి అడగడం నేర్పింది అయిదో తరగతి చదివిన నేను.

ఆవిడ పెద్దదైపోయి కొట్టు మూసేసింది, ఇప్పుడక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టర్స్ చదువుకునే పిల్లలు మా ఇంటికి వస్తారు. టీ తాగుతారా అని నేను అడుగుతుండగానే, "తాగుతాం ఆంటీ, నాకు షుగర్ వద్దు, వాడికి స్ట్రాంగ్‌గా" అనేస్తారు. మంచిదే, నాలాగా కొట్టులో నిలబడి గుటకలు మింగాల్సిన పని వాళ్ళకి లేదు. నాకూ ఇప్పుడు ఎవరైనా అడిగితే యెస్ అనడం వచ్చేసింది. కానీ గిన్నె పొయ్యి మీద పెడుతుంటే, ఒక్కళ్ళైనా వద్దాంటీ అంటే బాగుండుననిపిస్తుంది. కొంచెం తాగమ్మా అని బతిమాలడానికి పెదవుల దాకా వచ్చిన మాట, ఎవరికీ అవసరం పడక, మళ్ళీ లోపలికే వెళ్ళిపోతుంది.