డ్యూటీల షీట్‌లో పద్నాలుగో వరుస

తిరుపతయ్యకు ప్రయాణమంటే ముందు భయం, తర్వాత లిస్టు. జూన్ రెండో వారంలో ఇల్లులాంటి బండి ‘ఆర్‌వీ’ అద్దెకు తీసుకుని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు వెళ్దామని తొమ్మిదేళ్లుగా స్నేహితుడైన హర్షవర్ధన్ అన్న రోజు నుంచి ఆయన ఫోన్‌లో లిస్టులు పెరుగుతూనే ఉన్నాయి. టెక్సస్ నుంచి దక్షిణ డకోటా వెయ్యి మైళ్ల పైమాట. నెబ్రాస్కాలో గాలి అడ్డంగా కొడితే ముప్పై అడుగుల బండి లేన్‌లో నిలుస్తుందా? చెట్టన్నది లేని ఆ గడ్డి మైదానంలో వడగళ్లు పడితే ఎక్కడ ఆపాలి? బైసన్, అదే అడవిదున్న, రోడ్డుకడ్డంగా నిలబడితే హారన్ కొట్టవచ్చా? కొట్టకూడదని చదివాడు. మరి ఎంతసేపు ఆగాలో ఎవరూ రాయలేదేమని మళ్లీ దిగులు.

నలభై ఆరేళ్ల మనిషి. టెక్సస్‌లోని కాపెల్‌లో ఇల్లు, ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ ఉద్యోగం, భార్య సుధ, పదమూడేళ్ల కూతురు ఆద్య. తెలిసినవాళ్ల ఇళ్లలో సింకు పూడుకుపోయినా, కుళాయి కారినా ముందు ఆయనకే ఫోను. వెళ్లి బాగుచేసి, టీ తాగి వస్తాడు.

అయితే ఆయన్ని నిజంగా భయపెడుతున్నది బైసన్ కాదు, హర్షవర్ధన్ తయారుచేసి పిల్లలతో సహా అందరి ఫోన్లకూ పంపిన డ్యూటీల షీటు. డ్రైవింగ్, వంట, గిన్నెలు, ఫ్రెష్ వాటర్, ఆఖరికి పిల్లలకు సన్‌స్క్రీన్ రాయడం కూడా ఒక వరుస. ప్రతి దానికీ ఎదురుగా ఒక పేరు. పద్నాలుగో వరుసలో మాత్రం ‘టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం’ అని ఉంది, ఎదుటి గడిలో ఏమీ లేదు. పార్కు క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు ఇస్తారు గానీ డ్రైనేజీ కనెక్షన్ ఉండదు. రెండు రోజులకోసారి బండిని డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి, లావుపాటి పైపు తగిలించి, ట్యాంకులో ఉన్నదంతా మోరీలోకి వదలాలి. రెండు కుటుంబాల్లో పెద్దవాళ్లు నలుగురూ మాస్టర్స్ చేసినవాళ్లే. పది రోజులుగా నలుగురూ ఆ వరుస కళ్లకు ఆననట్టే ఉన్నారు.

శనివారం దగ్గరి ఊరు ఫ్రిస్కోలో హర్షవర్ధన్ ఇంట్లో ప్లానింగ్ మీటింగు. హర్ష భార్య పూజిత ప్రయాణానికి పులిహోర చాలా, దద్దోజనం కూడా కావాలా అన్న చర్చను నలభై నిమిషాలు నడిపింది. చివరికి షీటు టీవీ మీదికొచ్చింది.

“ఇదొక్కటే ఎంప్టీగా ఉంది,” అన్నాడు హర్ష.

“ఛీ, తింటుంటే ఆ టాపిక్ ఏంటి! అక్కడ ఎవరికైనా ఇచ్చి చేయించుకోలేమా?” అంది పూజిత.

“సెల్ఫ్ సర్వీస్ అమ్మా ఇక్కడ. డిగ్నిటీ ఆఫ్ లేబర్. అమెరికాలో నాకు నచ్చేది అదే.”

“నచ్చితే నీ పేరు పెట్టుకో.”

“నాకు స్మెల్ పడదే బాబూ, వామిట్ చేసేస్తా!”

అందరూ నవ్వారు. శ్రమ గౌరవం గురించి మాట్లాడేవాళ్ల ముక్కులు ఎప్పుడూ ఇంత సున్నితంగానే ఉంటాయి.

“ఇండియాలో అయితే ఎవరో ఒకణ్ని పిలిస్తే అయిపోయేది,” అంది పూజిత.

ఆ ఎవరో ఒకడు తిరుపతయ్య తండ్రి. ముప్పై నాలుగేళ్లు కరీంనగర్ మున్సిపాలిటీలో మోరీలు, సెప్టిక్ ట్యాంకులు ఎత్తిపోశాడు. చేతులకు తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. పోయి పదిహేనేళ్లయింది. ‘నాన్నగారు ఏం చేసేవారు?’ అని స్నేహితులు అడిగినప్పుడు తిరుపతయ్య ‘మున్సిపాలిటీలో జాబ్’ అన్నాడు. వాళ్లు ఒక టేబులు, ఫ్యాను, ఫైళ్లు ఊహించుకున్నారు. ఆయన కాదనలేదు. తొమ్మిదేళ్లుగా కాదనలేదు. ఆద్యకు కూడా అంతే తెలుసు.

“అన్నా, మీరు మా సింక్ మొత్తం విప్పి క్లీన్ చేశారుగా,” హర్ష ఆయన వైపు తిరిగాడు. “మీకు ఇలాంటివి అలవాటే. అసహ్యం ఉండదు.”

తిరుపతయ్య చేతిలో పకోడీ ఆగిపోయింది. అలవాటే అంటే? తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? హర్ష ముఖంలో మామూలు నవ్వే ఉంది. కరీంనగర్ వాళ్లెవరైనా చెప్పారా? “చూద్దాంలే,” అన్నాడు.

ఇంటికి వస్తూ కారులో సుధ గొంతు తగ్గించింది. “నువ్వే రాసుకో. పది నిమిషాల పని. వద్దంటే ఎందుకని అడుగుతరు. ఒకటడిగితే ఇంకోటి వస్తది.”

“రాసుకుంటే?”

“ఎవరికీ ఏం తెల్వదు.”

“ఆద్య చూస్తది గదా. వాళ్లంతా కుర్చీలేసుకుని కూర్చుంటే నేనొక్కణ్నే పైపు పట్టుకుని...”

వెనక సీటులోంచి ఆద్య ముందుకు వంగింది. “డాడీ, పూజిత ఆంటీ వై సో డ్రామా? ఇట్స్ జస్ట్ పూప్. గ్లౌజ్ ఉంటాయ్ కదా?”

సుధ రేడియో పెట్టింది. రాసుకోవడమే మేలని తిరుపతయ్య ఆదివారమంతా తనకు తాను చెప్పుకున్నాడు. షీటు నాలుగుసార్లు తెరిచాడు. కర్సర్ ఆ గడిలో కొట్టుకుంటుంటే మూసేశాడు.

సోమవారం లంచ్ టైములో, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని అయిదోసారి తెరిచాడు. ఈసారి గడి ఖాళీగా లేదు. ‘ఆద్య’ అని ఉంది. పక్కన పూజిత కామెంటు: ‘సో స్వీట్! అవర్ బ్రేవ్ గర్ల్!’ హర్ష చప్పట్ల బొమ్మ పెట్టాడు. పదమూడేళ్ల పిల్ల ఎందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. వాళ్లబ్బాయి అనూప్‌కి పదహారేళ్లు.

తిరుపతయ్య అప్పటికప్పుడు హర్షకు ఫోను కలిపాడు.

“ఆద్య పేరు తీసెయ్, హర్షా.”

“అయ్యో, తనే పెట్టిందన్నా, ముచ్చటగా. మీరే తీసెయ్యొచ్చుగా, ఎడిట్ యాక్సెస్ ఉందిగా.”

“ఉంది. నువ్వు తియ్యాలె.”

“ఏంటన్నా, ఏమైంది?”

ఇప్పుడు కూడా నవ్వేసి, ‘చిన్నపిల్ల కదా, అందుకే అన్నా’ అని తప్పించుకోవచ్చు.

“మా నాయిన ఆ పనే చేసిండు. క్లర్కు కాదు. మోరీలల్ల, ట్యాంకులల్ల దిగి ఎత్తేటోడు. ముప్పై నాలుగేండ్లు. మా ఇంటి వంతు అయిపోయింది హర్షా. నా పేరూ రాయను, నా బిడ్డ పేరూ ఉండొద్దు.”

లైను తెగిందేమోనని తిరుపతయ్య రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. ట్రిప్పు పోయినట్టే. తొమ్మిదేళ్ల స్నేహమూ పోయిందేమో. సాయంత్రానికి ఈ మాట ఫ్రిస్కో నుంచి కాపెల్ దాకా పాకుతుంది.

“నాకు తెలీదన్నా,” అన్నాడు హర్ష ఎట్టకేలకు.

“తెల్వదని నమ్ముతున్న. నమ్మకపోతే ఫోనే చెయ్యను.”

“మరి... ఆ పైపు అదీ ఎలా పెట్టాలో నాకు రాదు. నిజంగా.”

“నేర్పిస్తా. పక్కన నిలబడి చెప్తా. ముట్టుకోను.”

“పూజితకి ఏం చెప్పను?”

“ఇప్పుడు నేను నీకు చెప్పిందే చెప్పు.”

అయిదు నిమిషాల తర్వాత గడిలో ఆద్య పేరు మాయమైంది. మరో రెండు నిమిషాలకు ‘హర్ష (మంగళ), అనూప్ (గురు)’ అని పడింది. తర్వాత అనూప్ పేరు పోయింది. మళ్లీ వచ్చింది. ఫ్రిస్కోలో ఎవరితో ఎవరు గొడవపడుతున్నారో తిరుపతయ్యకు తెలుస్తూనే ఉంది.

అంతలో ఆద్య నుంచి మెసేజి: ‘డాడీ, నా నేమ్ ఎవరు తీశారు? ఐ వాంటెడ్ టు డూ ఇట్!’

హర్షకు చెప్పడమే కష్టమనుకున్నాడు. ‘అంకుల్ చేస్తానన్నాడు’ అని కొట్టి, చెరిపేశాడు. ‘నువ్వు చిన్నపిల్లవి’ అని కొట్టి, అదీ చెరిపేశాడు.

‘నేను తీయించిన. ఇయ్యాల బస్ ఎక్కకు. నేనొస్తున్న, తాత గురించి చెప్పాలె’ అని పంపి, స్కూలు వదిలే వేళకు ఇంకా మూడు గంటలున్నా, కారు స్టార్ట్ చేశాడు.