నునుపైన గీత

ఆ ఎర్ర రంగుపొడిలో కల్తీ ఉందని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

అవి నక్సలైట్ల రోజులు. జగిత్యాలలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ని. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే ఒకాయన సీసాలో పొడి పట్టుకొని వచ్చాడు. ఆయన అద్దిన చీరలు మొదటి ఉతుకుకే వెలిశాయి. పొడి కొనిచ్చిన సావుకారే, పని చెడగొట్టావని ఆయన్ని అద్దకం నుంచి దింపేశాడు.

"మాయ పొడిల ఉన్నది సారూ, నా చెయ్యిల లేదు. నీ మిషన్ చెప్తె సావుకారి ఇంటడు" అన్నాడు. "బస్సుల పోలీసోల్లు సీసా గుంజుకున్నరు. ఎర్రది అన్నలకారా అన్నరు. మూత తీసెటాల్లకు ఆల్ల చేతులే ఎర్రగైనయ్."

రంగునీళ్లలోంచి వెలుగు పంపితే, ఏ వెలుగు ఎంత ఆగిందో మా పరికరం అంకెలుగా ఇచ్చేది. కరెంటు నిలకడ లేక ఆ అంకెల గీత రంపంలా వచ్చేది. ప్రతి బిందువుకూ ఇరుగుపొరుగు బిందువుల సగటు పెడితే నునుపవుతుంది. ప్రతిసారీ అన్నీ కూడితే కంప్యూటర్ నత్తలా నడిచేది. నేను కొత్త ప్రోగ్రాం రాశాను. పాత మొత్తంలోంచి వెనకది తీసేసి ముందుది కలపడమే. ఇక సగటును ఎంత వెడల్పు చేసినా, అంటే ఎన్ని ఇరుగుపొరుగు బిందువులు కలిపినా, సమయం పెరగదు. ఆ గర్వంతో, కరెంటు పోయేలోపు ముగించాలన్న తొందరతో, వెడల్పు విపరీతంగా పెంచాను.

తెర మీద ఒకే ఒక నున్నటి గుట్ట.

"గింత సాపుగున్నదేంది సారూ? పడుగుకు గంజి వెట్టి దువ్వినట్టు!" అని నవ్వాడు.

"కల్తీ ఉంటె పక్కన ఇంకో గూను రావాలె. లేదు" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "మల్లొక్కసారి సూడరాదుండ్రి."

"మిషన్ అబద్ధమాడుతదా కాకా?"

ఆయన వెళ్లిపోయాక, ఊరికే, వెడల్పు తగ్గించి చూశాను. గుట్ట పక్కన చిన్న గూను. మళ్లీ కొలిచాను. అదే చోట, అదే గూను. అది కరెంటు చేసిన గలాటా కాదు, మరో రంగు. దాన్ని నా సగటే గుట్టలో కలిపేసింది.

బస్సెక్కితే సిరిసిల్ల. ఎక్కలేదు. సావుకారి పేరు అన్నల, అదే నక్సలైట్ల, చెవిన పడితే అతని ప్రాణం మీదికొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆ ప్రోగ్రాంను అప్పటికే అందరికీ చూపించి మెప్పు పొందాను; అది పోతుందని భయం.

ఆయన కోరుట్లలో ఉన్నాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వెళ్లాను. బస్తాలు మోసి ఆయన నడుం వంగిపోయింది. నన్ను కూర్చోమనలేదు. చెప్పిందంతా విన్నాడు.

"మల్ల ఎవ్వడు రంగుతొట్టి కాడికి రానియ్యలె" అన్నాడు. "మా ఇంటామె గూడ నమ్మలె. మిషనే చెప్పిందిగదా అన్నది. గట్లనే సచ్చిపోయింది. ఇగ ఎవలికి చెప్తవు?"



"నీ చెయ్యి తప్పు చెయ్యలె కాకా. తప్పు నేను చేసిన. తెలిసి దాచిన. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.